పెంపుడు జంతువులకు మైక్రోచిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోచిప్ అంటే ఏమిటి? అందులో ఏయే వివరాలు ఉంటాయి?

జంతువును గుర్తించడం కోసం దాని చర్మం కింద అమర్చే అతి చిన్న ఎలక్ట్రానిక్ పరికరం మైక్రోచిప్. సాధారణంగా ఇది 12 మి.మీ. పొడవు, 2 మి.మీ. మందంతో దాదాపు బియ్యపు గింజంత ఉంటుంది. 8 మి.మీ. పొడవుతో ఇంకా సన్నగా ఉండే రకాలు కూడా వాడుకలో ఉన్నాయి. శరీరానికి హాని చేయని గాజు గొట్టంలో ఒక సర్క్యూట్, దానికి యాంటెన్నాగా పనిచేసే రాగి తీగ చుట్ట ఇమిడి ఉంటాయి. బ్యాటరీ ఉండదు. స్కానర్‌ను దగ్గరికి తెచ్చినప్పుడు దాని నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రం ఆ తీగ చుట్టలో కొద్దిపాటి విద్యుత్తును పుట్టిస్తుంది, ఆ కాస్త శక్తితోనే చిప్ తన నంబరును స్కానర్‌కు పంపుతుంది. మిగతా సమయమంతా అది ఏ పనీ చేయదు కాబట్టి ఛార్జింగ్ పెట్టవలసిన అవసరం గానీ, కొన్నాళ్లకు మార్చవలసిన అవసరం గానీ ఉండదు. ఒకసారి వేయిస్తే ఆ జంతువు జీవితకాలానికి సరిపోతుంది.

మామూలు గుర్తింపు చిప్‌లో ఉండేది ఆ నంబరు ఒక్కటే. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, జంతువుకు వేసిన టీకాల వివరాలు అందులో ఉండవు. అవి వేరొక చోట, రిజిస్ట్రేషన్ డేటాబేస్‌లో, ఆ నంబరుకు ఎదురుగా నమోదై ఉంటాయి. చిప్ గురించి యజమానులకు కలిగే అపోహల్లో చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్లనే వస్తున్నాయి.

జంతువు తప్పిపోతే చిప్ సాయంతో అది ఎక్కడుందో ఫోన్‌లో చూడవచ్చా?

చూడలేము. మైక్రోచిప్ జీపీఎస్ పరికరం కాదు. జీపీఎస్ పనిచేయాలంటే ఉపగ్రహాల సంకేతాలను అందుకునే రిసీవరు, దానికి బ్యాటరీ, స్థానాన్ని ఫోన్‌కు పంపడానికి మొబైల్ నెట్‌వర్క్ కావాలి. ఇవన్నీ ఉన్న పరికరాలను మెడపట్టీకి తగిలిస్తారు, వాటిని తరచుగా ఛార్జ్ చేస్తూ ఉండాలి. మైక్రోచిప్‌ను చదవాలంటే స్కానర్‌ను జంతువు ఒంటికి కొన్ని సెంటీమీటర్ల దగ్గరికి తీసుకురావలసిందే. అంటే తప్పిపోయిన జంతువును ఎవరో ఒకరు పట్టుకుని, స్కానర్ ఉన్న చోటికి తీసుకువెళ్లిన తర్వాతే చిప్ ఉపయోగం మొదలవుతుంది.

చిప్ నంబరులోని 15 అంకెలకు ఏమైనా అర్థం ఉందా?

ఉంది. ఇప్పుడు ప్రపంచమంతటా ఎక్కువగా వాడుతున్న చిప్‌లు ఐఎస్ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాలను అనుసరిస్తాయి, 134.2 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తాయి. వాటి నంబరులో మొదటి మూడు అంకెలు ఒక దేశాన్ని గానీ, చిప్ తయారీదారును గానీ సూచిస్తాయి. ఉదాహరణకు 250 ఫ్రాన్స్‌కు, 276 జర్మనీకి, 356 భారతదేశానికి, 826 బ్రిటన్‌కు చెందిన సంకేతాలు. 9తో మొదలయ్యే సంకేతాలు తయారీదారులవి. మిగిలిన 12 అంకెలు ఆ ఒక్క జంతువుకే చెందుతాయి.

తయారీదారులకు ఈ సంకేతాలను కేటాయించే బాధ్యత ఐకార్ అనే అంతర్జాతీయ సంస్థది. ఆ సంస్థ వద్ద నమోదు కాని తయారీదారుల నుంచి వచ్చే చిప్‌లు చవకగా దొరకవచ్చు గానీ, ఒకే నంబరు రెండు జంతువులకు పడదన్న హామీ వాటికి ఉండదు. గుర్తింపు కోసమే వేయించే వస్తువు విషయంలో ఇది చిన్న లోపమేమీ కాదు. చిప్ వేయించే ముందు దాని ప్యాకెట్ చూపించమని, అది ఏ ప్రమాణానికి చెందినదో చెప్పమని డాక్టరు గారిని నిస్సంకోచంగా అడగండి.

పాత చిప్‌లలో 9 లేదా 10 అంకెలు ఉండేవి, కొన్ని 125 లేదా 128 కిలోహెర్ట్జ్‌పై పనిచేసేవి. వాటిని అన్ని స్కానర్లూ చదవలేవు. మీ జంతువుకు అటువంటి చిప్ ఉంటే, దానిని తీయించకుండానే కొత్త ప్రమాణానికి చెందిన చిప్ మరొకటి వేయించవచ్చు. అప్పుడు రెండు నంబర్లనూ మీ పేరు మీద నమోదు చేయించాలి.

చిప్ ఎలా వేస్తారు? మత్తు ఇస్తారా? బాగా నొప్పి పుడుతుందా?

మత్తు అవసరం లేదు. మొత్తం పని ఒకటి రెండు నిమిషాల్లో పూర్తవుతుంది, అందులో సూది గుచ్చే భాగానికి పట్టేది కొన్ని క్షణాలే. అయినా ప్రతి దశనూ యజమాని దగ్గరుండి చూడటం మంచిది.

మొదట డాక్టరు జంతువు ఒళ్లంతా స్కాన్ చేసి, అప్పటికే చిప్ ఏదైనా ఉందేమో చూస్తారు. తర్వాత కొత్త చిప్‌ను ప్యాకెట్‌లో ఉండగానే స్కాన్ చేసి, స్కానర్ తెర మీద కనిపించిన నంబరు, ప్యాకెట్ మీది స్టిక్కర్ నంబరు ఒకటేనా అని సరిపోల్చుకుంటారు. చిప్ ముందుగానే ఎక్కించి, క్రిమిరహితంగా ప్యాక్ చేసిన సూది అది. మామూలు టీకా సూది కంటే స్పష్టంగా లావుగా ఉంటుంది కాబట్టి మొదటిసారి చూసినవారికి గుండె కాస్త గుభేలుమనడం సహజం. కుక్కను గానీ పిల్లిని గానీ నిలబెట్టో, పడుకోబెట్టో ఒకరు పట్టుకుంటారు. డాక్టరు రెండు భుజాల ఎముకల మధ్య, వీపు మీద వదులుగా ఉండే చర్మాన్ని వేళ్లతో పైకి లాగి పట్టుకుని, ఆ మడత అడుగున సూదిని దించి, ప్లంజర్ నొక్కుతారు. సూదిని బయటకు తీసిన వెంటనే ఆ చోటును వేలితో కొద్దిసేపు అదిమి పెడతారు, ఎందుకంటే గుచ్చిన రంధ్రం గుండానే చిప్ తిరిగి బయటకు జారిపోయే అవకాశం కొద్దిగా ఉంటుంది. చివరగా మరోసారి స్కాన్ చేసి, చిప్ లోపలే ఉందని, సరిగా పనిచేస్తోందని నిర్ధారించుకుంటారు.

చాలా జంతువులు ఒకసారి ఉలిక్కిపడి, వెంటనే మామూలుగా అయిపోతాయి. మరీ బెదిరిపోయే జంతువైతే, సంతానం కలగకుండా చేసే ఆపరేషన్‌కో, పళ్లు శుభ్రం చేయడానికో మత్తు ఇచ్చిన రోజునే చిప్ కూడా వేయించుకోవచ్చు. కానీ కేవలం ఆ కారణంతో నెలల తరబడి వాయిదా వేయవద్దని మా సలహా. జంతువు తప్పిపోయేది ఆ మధ్య కాలంలోనే కావచ్చు.

వేయించిన తర్వాత ఒకటి రెండు రోజుల పాటు ఆ చోటును రుద్దకండి, స్నానం చేయించకండి. చుట్టూ ఉన్న కణజాలం కొన్ని వారాల్లో చిప్‌ను పట్టి ఉంచుతుంది. చిన్న రక్తపు బొట్టు కనిపించినా, రెండు రోజులు కాస్త వాపుగా ఉన్నా కంగారు పడనవసరం లేదు. వాపు తగ్గకుండా పెరుగుతుంటే గానీ, చీము కనిపిస్తే గానీ డాక్టరుకు చూపించాలి.

ఏ వయసులో వేయించాలి?

కుక్కపిల్లలకు, పిల్లికూనలకు 6 నుంచి 8 వారాల వయసు వచ్చాక, తొలి టీకాల సమయంలో వేయించడం వాడుక. పెద్ద వయసు జంతువులకు కూడా నిరభ్యంతరంగా వేయించవచ్చు.

కుక్కలకు, పిల్లులకు మాత్రమేనా?

కాదు. కుందేళ్లకు, గుర్రాలకు, చిలుకల వంటి పక్షులకు, తాబేళ్లకు కూడా వేస్తారు. అయితే చోటు మారుతుంది. గుర్రాలకు మెడకు ఎడమ వైపున, జూలుకు కాస్త దిగువన ఉండే బలమైన లిగమెంట్‌లోకి ఎక్కిస్తారు. పక్షులకు ఎక్కువగా ఎడమ వైపు రొమ్ము కండరంలో వేస్తారు. ఇవి అనుభవం ఉన్నవారి చేతుల మీదుగానే జరగవలసిన పనులు. కుక్కలూ పిల్లుల విషయంలో కూడా ఇంటి దగ్గర స్వయంగా ప్రయత్నించడం తగదు. తప్పు దిశలో, తప్పు లోతులో దిగిన సూది వెన్నుపామును గాయపరచిన సందర్భాలు అరుదుగానైనా పశువైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

చిప్ వల్ల క్యాన్సర్ వస్తుందని విన్నాము. నిజమేనా?

ఈ భయానికి ఒక మూలం ఉంది. ప్రయోగశాలల్లో పెంచే ఎలుకలపై జరిగిన కొన్ని అధ్యయనాల్లో చిప్ చుట్టూ కణుతులు ఏర్పడినట్లు తేలింది. ఆ ఎలుకల్లో చాలావరకు క్యాన్సర్‌కు తేలికగా లోనయ్యే జాతులకు చెందినవి. కుక్కల్లో, పిల్లుల్లో చిప్ దగ్గర కణితి కనిపించిన సందర్భాలు కూడా అక్కడక్కడా నమోదయ్యాయి గానీ, చిప్ వేయించుకున్న లక్షలాది జంతువులతో పోలిస్తే అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. పైగా వాటిలో కణితికి కారణం చిప్పేనా, అదే చోట వేసిన టీకాలా అన్నది తేల్చడం కష్టం.

బ్రిటన్‌లో చిన్న జంతువుల వైద్యుల సంఘం 1996 నుంచి చిప్‌ల వల్ల కలిగిన ఇబ్బందులను నమోదు చేస్తూ వచ్చింది. 40 లక్షలకు పైగా జంతువులకు చిప్ వేసిన కాలానికి అందిన ఫిర్యాదులు 391 మాత్రమే. వాటిలోనూ ఎక్కువ భాగం చిప్ వేసిన చోటు నుంచి కదిలిపోయిందన్న ఫిర్యాదులే. ఇటువంటి నమోదు స్వచ్ఛందమైనది కాబట్టి అన్ని సంఘటనలూ లెక్కలోకి వచ్చి ఉండవు. ఆ మాటను లెక్కలోకి తీసుకున్నా, చిప్ లేక దారి తప్పి ఇంటికి చేరలేకపోయే ప్రమాదంతో పోలిస్తే ఈ ప్రమాదం చాలా చిన్నదని మా స్థిరమైన అభిప్రాయం. చిప్ ఉన్న చోట గట్టిగా గడ్డ తగిలితే మాత్రం, ఏ గడ్డ విషయంలోనైనా చేసినట్లే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఎక్స్‌రే, ఎంఆర్ఐ వంటి పరీక్షలకు చిప్ అడ్డమవుతుందా?

ఎక్స్‌రేలో చిప్ స్పష్టంగా కనిపిస్తుంది, ఏ ఇబ్బందీ కలిగించదు. ఎంఆర్ఐ తీసినప్పుడు చిప్ చుట్టుపక్కల కొంత భాగం చిత్రంలో చెదిరిపోయి కనిపించవచ్చు కాబట్టి చిప్ ఉన్న సంగతి ముందుగానే చెప్పాలి.

చిప్ వేయించేశాము. ఇక మా పని పూర్తయినట్లేనా?

సగం మాత్రమే పూర్తయింది, నిజం చెప్పాలంటే మిగిలిన సగమే ముఖ్యమైనది. నమోదు చేయించని చిప్ ఉన్న జంతువును స్కాన్ చేసినవారికి 15 అంకెలు కనిపిస్తాయి, అంతకు మించి ఏమీ తెలియదు. ఆ అంకెల వెనుక ఒక మనిషి పేరు, మోగే ఫోన్ నంబరు ఉన్నప్పుడే జంతువు ఇల్లు చేరుతుంది.

అమెరికాలోని 53 జంతు సంరక్షణ కేంద్రాలకు చేరిన 7,704 చిప్ ఉన్న జంతువులను పరిశీలించి, 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. దారి తప్పి వచ్చిన కుక్కలన్నింటినీ కలిపి చూస్తే యజమానులను చేరుకున్నవి 21.9 శాతం కాగా, చిప్ ఉన్న కుక్కల్లో అది 52.2 శాతం. పిల్లుల విషయంలో తేడా ఇంకా పెద్దది: మొత్తం మీద 1.8 శాతం, చిప్ ఉన్నవాటిలో 38.5 శాతం. చిప్ ఎంత ఉపయోగమో ఈ అంకెలు చెబుతున్నాయి. అదే సమయంలో, చిప్ ఉండి కూడా కుక్కల్లో దాదాపు సగం ఇల్లు చేరలేదన్న సంగతి కూడా అవే చెబుతున్నాయి. యజమాని దొరకకపోవడానికి ముందు వరుసలో నిలిచిన కారణం డేటాబేస్‌లో ఉన్న ఫోన్ నంబరు తప్పు కావడం లేదా పనిచేయకపోవడం. చిప్‌ను అసలు నమోదే చేయించనివారూ తక్కువ కాదు.

కాబట్టి చిప్ వేయించిన రోజునే మూడు పనులు చేయండి. ఏ డేటాబేస్‌లో నమోదు చేయాలో, ఆ పని పశువైద్యశాల వారే చేస్తారా, మీరే చేసుకోవాలా అన్నది అడిగి తెలుసుకోండి. ఇక్కడ ఎవరికి వారు అవతలివారు చేస్తారనుకోవడం వల్లనే చాలా చిప్‌లు నమోదు కాకుండా మిగిలిపోతున్నాయి. ఆ తర్వాత, చిప్‌తో పాటు వచ్చే స్టిక్కర్లలో ఒకదానిని టీకాల పుస్తకంలో అతికించి, నంబరును ఫోటో తీసి ఉంచుకోండి. నమోదు పూర్తయిందని చెప్పారంటే అంతటితో ఊరుకోకుండా, కొన్ని రోజుల తర్వాత మీరే డేటాబేస్‌లో నంబరు వెతికి, వివరాలు సరిగా ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి. ఒక్క అంకె తారుమారైనా మీ నమోదు ఎందుకూ పనికిరాదు.

నమోదులో ఏయే వివరాలు ఇవ్వాలి? ఎప్పుడెప్పుడు మార్చాలి?

మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, జంతువు జాతి, రంగు, లింగం, పుట్టిన తేదీ సాధారణంగా అడుగుతారు. వీలుంటే మీతో పాటు ఒకే ఇంట్లో ఉండని బంధువు లేదా స్నేహితుల నంబరు కూడా రెండవ నంబరుగా ఇవ్వండి. మీరు ప్రయాణంలో ఉన్నప్పుడు జంతువు తప్పిపోతే అక్కరకు వచ్చేది ఆ నంబరే. ఒంటి మీది మచ్చ, పాత గాయం, క్రమం తప్పకుండా వాడవలసిన మందు ఏదైనా ఉంటే, రాసే వీలున్న చోట తప్పక రాయండి.

ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా, జంతువును మరొకరికి ఇచ్చినా వెంటనే మార్పు నమోదు చేయాలి. ఏటా టీకా వేయించే రోజున చిప్‌ను ఒకసారి స్కాన్ చేయమని అడిగి, అదే రోజున డేటాబేస్‌లోని వివరాలు కూడా చూసుకునే అలవాటు పెట్టుకుంటే ఈ రెండు పనులూ మరచిపోయే వీలుండదు. చిప్ పనిచేయడం మానేయడం అరుదే గానీ అసాధ్యం కాదు, అది జంతువు తప్పిపోయాక తెలిసి ప్రయోజనం లేదు.

చిప్ ఉంటే మెడపట్టీకి బిళ్ల అవసరం లేదు కదా?

అవసరమే. బిళ్ల మీది ఫోన్ నంబరును వీధిలో ఎవరైనా చదివి, అక్కడికక్కడే మీకు ఫోన్ చేయగలరు, దానికి స్కానర్ అక్కర లేదు. కానీ మెడపట్టీ తెగిపోవచ్చు, జారిపోవచ్చు, ఎవరైనా కావాలనే తీసేయవచ్చు. చిప్ ఎటూ పోదు. రెండూ ఉండటమే సరైన పద్ధతి.

మా పిల్లి ఎప్పుడూ ఇల్లు దాటదు. దానికెందుకు?

ఇల్లు దాటని పిల్లికే బయటి లోకం తెలియదు. తలుపు ఒక్కసారి తెరిచి ఉండిపోయినా, పండుగ టపాసుల మోతకు బెదిరినా, పశువైద్యశాల దగ్గర బుట్ట మూత ఊడినా అది పరుగెత్తి ఎక్కడో నక్కుతుంది, తిరిగి రావడం దానికి చేత కాదు. మెడపట్టీ లేని పిల్లిని చూసినవారు దానికి ఇల్లు ఉందని సాధారణంగా అనుకోరు.

వరదలు, తుపానుల వంటి విపత్తుల్లో ఈ అవసరం ఇంకా పెద్దది. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు వేల సంఖ్యలో పెంపుడు జంతువులు యజమానులకు దూరమయ్యాయి, గుర్తింపు ఏదీ లేకపోవడంతో వాటిలో చాలా జంతువులు ఎవరివో తేల్చలేకపోయారు. విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను కూడా చేర్చాలంటూ ఆ మరుసటి ఏడాదే అక్కడ చట్టం వచ్చింది.

స్కాన్ చేసినా చిప్ కనిపించలేదు. అంటే అది లేనట్లేనా?

అప్పుడే ఆ నిర్ణయానికి రావద్దు. చిప్ స్కానర్‌కు ఏ దిశలో ఉందన్నదాన్ని బట్టి అది చదవగలిగే దూరం మారుతుంది, కొన్ని కోణాల్లో అసలు దొరకకుండా తప్పించుకుంటుంది. స్కానర్‌ను ఒంటికి దాదాపు ఆనించి, భుజాల మధ్య నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ వీపంతా, మెడకు రెండు వైపులా, భుజాల నుంచి ముందు కాళ్ల మోచేతుల దాకా, రొమ్ము మీదా చూడాలి. చిప్ కదిలితే ఎక్కువగా దొరికేది ఈ చోట్లలోనే. తొందరగా లాగేస్తే స్కానర్ నంబరును పట్టుకోలేదు. లోహపు మెడపట్టీని ముందే తీసేయాలి, లోహపు బల్ల మీద కాకుండా వేరొక చోట చూడాలి, కంప్యూటర్లకు దూరంగా ఉండాలి. బొచ్చు దట్టంగా, ఒళ్లు బరువుగా ఉన్న జంతువుల విషయంలో మరింత ఓపిక కావాలి. వీలైతే కొంత సమయం తర్వాత, అన్ని రకాల చిప్‌లనూ చదవగల మరొక స్కానర్‌తో మళ్లీ చూడమని అడగండి.

జంతువు మాదేనని చిప్ రుజువు చేస్తుందా?

అది బలమైన ఆధారమే గానీ, యాజమాన్య పత్రం కాదు. జంతువు ఎవరి సంరక్షణలో ఉందో నమోదు తెలుపుతుంది, ఎవరి సొంతమో తేల్చడానికి కొనుగోలు రసీదు, దత్తత పత్రం, వైద్య రికార్డులు కూడా చూస్తారు. ఎవరి దగ్గరి నుంచైనా జంతువును తీసుకుంటున్నప్పుడు ముందుగా స్కాన్ చేయించి, నమోదును మీ పేరుకు మార్చే ప్రక్రియ పాత యజమాని ఎదుట ఉండగానే పూర్తి చేయడం మంచిది. ఆ తర్వాత వారి కోసం వెతకవలసి వస్తే ఎంతో సమయం వృథా అవుతుంది.

చిప్ తప్పనిసరి అని చట్టం ఉందా?

దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ 6 నుంచి కుక్కలకు, 2024 జూన్ 10 నుంచి పిల్లులకు చిప్ తప్పనిసరి. కుక్కపిల్లలకు 8 వారాల లోపు, పిల్లులకు 20 వారాల లోపు వేయించాలి. వేయించనివారికి 500 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. జపాన్‌లో 2022 జూన్ నుంచి కుక్కలను, పిల్లులను పెంచి అమ్మేవారు చిప్ వేయించి నమోదు చేయాలి, కొన్నవారు ఆ నమోదును తమ పేరుకు మార్చుకోవాలి. ఇంగ్లండ్ చట్టంలో మాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది: చిప్ వేయించడమే కాదు, వివరాలు ఎప్పటికప్పుడు సరిగా ఉంచడం కూడా అక్కడ చట్టపరమైన బాధ్యత.

జంతువును వేరే దేశానికి తీసుకువెళ్లాలి. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

అన్నిటికంటే ముఖ్యమైనది వరుస క్రమం: ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. రెండూ ఒకే రోజున వేయించినా చిప్ ముందు పడాలి. టీకా వేసినప్పుడు చిప్ లేకపోతే, ఆ టీకా ఈ జంతువుకే వేశారని నిరూపించే మార్గం లేదు కాబట్టి చాలా దేశాలు దానిని లెక్కలోకి తీసుకోవు, మళ్లీ వేయించమంటాయి.

ఐరోపా సమాఖ్య దేశాలకు తీసుకువెళ్లాలంటే ఐఎస్ఓ ప్రమాణానికి చెందిన చిప్, 12 వారాల వయసు నిండిన తర్వాత వేసిన రేబిస్ టీకా, తొలి టీకా తర్వాత కనీసం 21 రోజుల విరామం ఉండాలి. రేబిస్ విషయంలో ఆ సమాఖ్య జాబితాలో లేని దేశాల నుంచి వెళ్లేవారు, టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తపరీక్ష చేయించి, రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. అమెరికా కూడా 2024 ఆగస్టు 1 నుంచి తమ దేశంలోకి వచ్చే కుక్కలకు చిప్‌ను, కనీసం ఆరు నెలల వయసును తప్పనిసరి చేసింది. ఈ విరామాలన్నీ కలిపితే నెలలు పడతాయి కాబట్టి, టికెట్ కొనక ముందే వెళ్లబోయే దేశపు తాజా నిబంధనలు చదవండి. ప్రతి పత్రం మీదా చిప్ నంబరు ఒకేలా ఉందో లేదో అంకె అంకె చొప్పున సరిచూసుకోండి. బయలుదేరే వారంలో చిప్‌ను మరోసారి స్కాన్ చేయించండి.

దారి తప్పిన జంతువు మాకు దొరికింది. చిప్ ద్వారా యజమానిని ఎలా కనుక్కోవాలి?

దగ్గరలోని పశువైద్యశాలకో, జంతు సంరక్షణ కేంద్రానికో తీసుకువెళ్లి స్కాన్ చేయమని అడగండి. ఫోన్ కెమెరాతో గానీ, ఫోన్ యాప్‌లతో గానీ ఈ చిప్‌లను చదవడం సాధ్యం కాదు. నంబరు దొరికితే దానిని రాసుకుని, ఫోటో కూడా తీసుకోండి. మొదటి మూడు అంకెలను బట్టి అది ఏ దేశానిదో, ఏ తయారీదారుదో తెలుస్తుంది. ఐరోపాలో, అమెరికాలో అనేక డేటాబేస్‌లను ఒకేసారి వెతికి ఆ నంబరు ఎక్కడ నమోదైందో చెప్పే ఉచిత సేవలు ఉన్నాయి. అవి యజమాని ఫోన్ నంబరును మీకు నేరుగా చూపవు, ఏ సంస్థను సంప్రదించాలో మాత్రమే చెబుతాయి. ఆ సంస్థ యజమానికి కబురు చేరవేస్తుంది.

నంబరు ఎక్కడా నమోదై లేకపోతే తయారీదారును సంప్రదించి, ఆ చిప్‌ను ఏ పశువైద్యశాలకు అమ్మారో కనుక్కోమని అడగవచ్చు. ఆ వైద్యశాల రికార్డుల్లో యజమాని పేరు దొరికే అవకాశం ఉంటుంది. యజమాని అని చెప్పుకుంటూ ఎవరైనా వస్తే, చిప్ నంబరును మీరు ముందుగా బయటపెట్టకండి, బహిరంగ ప్రకటనల్లో కూడా రాయకండి. నంబరు గానీ, జంతువు ఒంటి మీది ప్రత్యేక గుర్తులు గానీ వారి నోటి నుంచే రావాలి.